రెండు తేదీల మార్పు

చెకర్‌ని చంపినవాడు తుపాకీ వాడలేదు, కత్తి వాడలేదు. మూడో ప్లాంటు డ్రాయింగుల గదిలో ఆరు క్వింటాళ్ల ఇనుప బీరువాని వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. పట్టపగలు, పదకొండున్నరకి. పోలీసులు వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని, 'ప్రమాదవశాత్తూ' అని రాసుకుని పోయారు. బీరువాలు ప్రమాదవశాత్తూ పడవు. ముప్పై ఏళ్లు దాని పక్కనే కూర్చుని డ్రాయింగులు సరిచూసిన మనిషి మీద ఆ రోజే ఎందుకు పడాలి? కానీ పోయినవాడు మేనేజరు కాదు. అందుకని ఎవరూ అడగలేదు.

అడిగింది డిపార్ట్‌మెంట్ ఒక్కటే.

డిపార్ట్‌మెంట్ అంటే బోర్డు లేని ఆఫీసు. కింద గొడుగులు బాగుచేసే షాపు, పైన రెండు గదులు, మూడు ఫోన్లు, ఒక చీఫ్. ఆయన ముందు నిలబడ్డ ఏజెంటుని అక్కడ రబ్బరు అంటారు. పనయ్యాక తన జాడ తనే చెరిపేసుకుంటాడని ఆ పేరు. ఎనిమిదేళ్లప్పుడు అమ్మానాన్నలు పోతే చేరదీసి, అన్నం పెట్టి, చదివించి, పిస్తోలు పట్టుకోవడం నేర్పింది చీఫే. ఆఫీసులో ఆయన సార్. తలుపు వేశాక బాబాయ్.

తలుపు వేసే ఉంది.

"కూర్చోరా, టైము లేదు. మూడు దేశాలు, మూడు ప్లాంట్లు. ఒకటో దాంట్లో పిస్టన్ చేస్తారు. రెండో దాంట్లో స్ప్రింగు. మూడో దాంట్లో ఆ రెండూ కలిపి రైలు బ్రేకు వాల్వు బిగిస్తారు. అర్థమైందా?"

"మూడో దాంట్లో బీరువా పడింది."

"పడలేదు, పడేశారు. పాదరసం ముఠా." చీఫ్ ఒక ఫొటో టేబుల్ మీద జరిపాడు. ఎర్ర కోటు, కత్తిరించిన జుట్టు, కెమెరాని కూడా లెక్కచెయ్యని చూపు. "ఇంజనీరింగ్ చేంజ్ కోఆర్డినేటర్. ఒక ప్లాంటులో మర మేకు మారినా మిగతా రెండింటికీ ఈమె చేతి మీదుగానే కబురు వెళ్లాలి. ఎనిమిది భాషలు వచ్చు. మనం కెంపు అంటున్నాం."

"బాగుంది."

"ఫొటోలో అందరూ బాగానే ఉంటారు. పని చూసుకో. గురువారం సాయంత్రం నాలుగింటికి నాలుగు వందల వాల్వులతో ట్రక్కు బయల్దేరుతుంది. అదే అదనుగా డ్రాయింగులు దాటించేస్తుంది. ట్రక్కు గేటు దాటాకే పట్టుకో. ముందు కాదు."

"నా వేషం?"

"క్వాలిటీ ఆడిటర్." చీఫ్ సొరుగులోంచి కళ్లజోడు తీశాడు. "కెమెరా. కుడి కన్ను కొడితే ఫొటో పడుతుంది." తర్వాత ఒక పెన్ను. "క్యాప్ నొక్కితే సూది. గుచ్చావంటే ఏనుగైనా ఆరు గంటలు గుర్రు పెడుతుంది. ఇంకోటి. ఆడిటర్ అన్నాక కాగితాలొస్తాయి. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టెయ్. నాలుగు రోజులయ్యాక ఆ ఆడిటర్ అనేవాడే ఉండడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. గుమ్మం దగ్గర చీఫ్ అతని కాలర్ సరిచేసి, "జాగ్రత్త నాన్నా" అన్నాడు.

*

ప్లాంటులో సోమవారం ఉదయమే రబ్బరు ముందు నలభై మూడు కాగితాలు పెట్టారు. ప్రతి మార్పు కాగితం కింద ఆరు గళ్లు: డిజైన్, కొనుగోలు, ప్లానింగు, తయారీ, కోఆర్డినేటర్, చివరికి క్వాలిటీ. ఐదు గళ్లు నిండి ఉన్నాయి. కొన్ని పోయిన వారమే అమల్లోకి వచ్చేశాయి, ఆరో సంతకం లాంఛనానికే. అతను ఆరోది నింపుకుంటూ పోయాడు. పెద్ద ఫ్యాక్టరీల గుట్టు ఇదే. ముందు ఐదుగురు చూశారు కదా అని ఆరోవాడు చదవడు. ఆరోవాడు చూస్తాడు కదా అని ముందు ఐదుగురూ చదవరు. చదివే ఓపికా, తెలివీ ఉన్నవాళ్లు లైనులో నిలబడి వాల్వులు బిగిస్తుంటారు. వాళ్లకి కాగితం మీద గడే లేదు.

మధ్యాహ్నం అసెంబ్లీ లైనులో నడుస్తూ, దూరంగా ఎర్ర కోటు కనిపించిన ప్రతిసారీ కుడి కన్ను కొడుతున్నాడు. ఎవరో వెనకనుంచి కేకేశారు.

"ఏం సార్, కంట్లో నలుసు పడిందా? లేక మమ్మల్నేనా?"

లైనంతా గొల్లుమంది. అడిగినావిడకి యాభై దాటి ఉంటాయి. జేబులో చిన్న స్కేలు, చేతిలో రెంచి. పందొమ్మిదేళ్లుగా అదే బల్ల దగ్గర నిలబడుతోంది. ప్లాంటులో మేనేజరు తప్ప అందరూ ఆవిణ్ని వదిన అంటారు.

"సరే, సరదాకన్నాను. ఒక్క మాట వినండి. పోయిన వారం నుంచి పిస్టన్ పొట్టిదొస్తోంది, రెండు మిల్లీమీటర్లు. స్ప్రింగు మాత్రం పాతదే. చేతిలో పెట్టుకుంటేనే తెలుస్తోంది, వదులుగా ఉంది. చెకర్ గారికి చెప్పాను. చూస్తానన్నారు. ఆ మర్నాడే పాపం..."

రబ్బరు కళ్లు ఎర్ర కోటు మీద ఉన్నాయి. అది మెట్లెక్కుతోంది. "రాసి పెట్టండి, చూద్దాం" అన్నాడు.

"ఎక్కడ రాయాలి సార్?"

"సూపర్‌వైజర్‌కి చెప్పండమ్మా. నాకు వేరే పనుంది."

అతను మెట్ల వైపు పరుగెత్తాడు. వదిన వాల్వు చేతిలో పట్టుకుని అలాగే చూసింది. పక్కనావిడ అంది, "వదిలెయ్ వదినా. చెవిటివాడి ముందు శంఖం."

*

బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో కెంపు తిన్నగా వచ్చి అతని ఎదుట కూర్చుంది.

"మూడు రోజులుగా నా ఫొటోలే తీస్తున్నారు. ఒక్కదాంట్లోనైనా నవ్వానా?"

రబ్బరు చెయ్యి జేబులో పెన్ను మీదకి వెళ్లింది.

"తొందరపడకండి. గొడుగు ఎండలో మరిచిపోయారా?"

అతనికి నోటి దగ్గరి ముద్ద ఆగిపోయింది. అది డిపార్ట్‌మెంట్ కోడ్. బయటి మనిషికి తెలియకూడదు. ముద్ద పళ్లెంలో పెట్టి జవాబు కోడ్ చెప్పాడు. "వాన రానీ, తీసుకుంటాం."

"హమ్మయ్య" అంది కెంపు. "నిన్ను పంపినాయనే నన్నూ పంపాడు. ఆరేళ్ల కిందట. ముఠాలో చేరు, వాళ్ల పని చేస్తూ మనకి కబురు పెట్టు అన్నాడు. చేస్తున్నా. ఆదివారం ఫోన్ చేసి ఏం చెప్పాడో తెలుసా? ఆడిటర్ వేషంలో వచ్చేవాడు ముఠా హంతకుడు, చెకర్‌ని చంపింది వాడే, గురువారం ట్రక్కు వెళ్లగానే కాల్చెయ్ అన్నాడు."

"మరి ఎందుకు కాల్చలేదు?"

"ఇంకా గురువారం కాలేదుగా." ఆమె నవ్వలేదు. "వదిన నీతో వాల్వు సంగతి చెప్పినప్పుడు మెట్ల మీంచి నీ మొహమే చూస్తున్నా. హంతకుడివైతే గుండె జారేది. నువ్వు విసుక్కున్నావు. అలా విసుక్కునేది ఆఫీసర్లే."

కోటు లోపలినుంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పరిచింది. రెండూ నాలుగు వందల పదిహేడో మార్పే. ఒకటి ఒకటో ప్లాంటుకి: పిస్టన్ రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి, అమలు తక్షణం. రెండోది రెండో ప్లాంటుకి: స్ప్రింగు రెండు మిల్లీమీటర్లు పెంచాలి, అమలు ఉన్న నిల్వ అయిపోయాక.

"నిల్వ ఎంతుంది?"

"పదకొండు వారాలకి సరిపడా. అన్నాళ్లూ కొత్త పిస్టన్‌కి పాత స్ప్రింగే. పాతా పాతా కలిస్తే బ్రేకు పడుతుంది. కొత్తా కొత్తా కలిసినా పడుతుంది. ఇలా కలిపితే బండి ఖాళీగా ఉన్నంతసేపే పడుతుంది. జనం నిండితే పడదు. ఇక్కడ టెస్టు చేసేది ఖాళీ బండి లెక్కకే."

రబ్బరు కాగితాలు మళ్లీ చదివాడు. దేంట్లోనూ తప్పు లేదు. దేనికది శుద్ధమైన కాగితం. చావంతా ఆ రెండు తేదీల మధ్య ఖాళీలో ఉంది. నాలుగు వందల వాల్వులంటే నాలుగు వందల రైలు పెట్టెలు. పొద్దున్నే పనులకి పోయే జనం ఒక్కో పెట్టెలో రెండు వందల మంది.

"తేదీలు వేసిందెవరు?"

"నేనే." కెంపు కళ్లు దించుకుంది. "ముఠా అడిగింది చేసెయ్, ట్రక్కు కదిలేలోపు నేను ఆపిస్తాను అన్నాడాయన. చెకర్ పట్టేశాడు. చెకర్‌కి తెలిసిపోయిందని ఆయనకి ఫోన్ చేసి చెప్పిందీ నేనే. మర్నాడు బీరువా పడింది. అప్పుడు అర్థమైంది, ట్రక్కుని ఎవరూ ఆపరని." ఆమె వేలు కాగితం అడుగున ఆరో గడి మీద ఆగింది. "ఈ సంతకం ఎవరిది?"

అతనిదే. సోమవారం పెట్టిన నలభై మూడింట్లో ఒకటి.

"రైళ్లు గుద్దుకున్నాక ఎంక్వయిరీ పడుతుంది. తేదీలు వేసింది నేను, ఒప్పుకున్నది నువ్వు. నువ్వు చచ్చి ఉంటావు, చంపింది నేనై ఉంటాను. ఆయన గొడుగుల షాపు మీద కూర్చుని ఫైలు మూసేస్తాడు."

"బాబాయ్ అలా చెయ్యడు."

"నీకు బాబాయా?" కెంపు అతని వైపు జాలిగా చూసింది. "నాకు అన్నయ్యనని చెప్పాడు."

*

నిజం తెలుసుకోవడానికి ఒక్కటే దారి. రబ్బరు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ట్రక్కు ఆపించు. వాల్వుల్లో లోపముంది."

"ఎవరు చెప్పార్రా?"

"వదిన అని ఒకావిడ, లైనులో వాల్వులు బిగిస్తుంది."

చీఫ్ నవ్వాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పితే ఓదార్చిన నవ్వే. "పిచ్చి నాన్నా, లైనులో ఆడవాళ్ల కబుర్లు విని మిషన్లు నడుపుతామా? ట్రక్కు వెళ్లనీ. రేపు గేటు దగ్గరకి నేనే వస్తాను, నిన్ను తీసుకెళ్లడానికి."

ఇరవై ఏళ్లలో ఆయన ఏ మిషన్‌కీ అలా వచ్చినవాడు కాదు. రబ్బరు వెంటనే ఆఫీసు నంబరుకి చేశాడు. ఆపరేటరమ్మ ఎత్తింది. పోయిన నెలలోనే కూతురి పెళ్లికి పిలిచిన మనిషి.

"అక్కా, నేను, రబ్బరుని."

"అలాంటివాళ్లెవరూ ఇక్కడ పనిచెయ్యరండీ" అంది ఆమె. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది. "ఎప్పుడూ చెయ్యలేదండీ." పెట్టేసింది.

రబ్బరు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. తల్లి పోయిన రోజు ఏడ్చాడు కానీ ఆ రోజు పక్కన బాబాయ్ ఉన్నాడు. ఇప్పుడు ఏడవడానికి పక్కన ఎవరూ లేరు, ఏడ్చే టైమూ లేదు.

గురువారం పొద్దున్నే ప్లాంటు మేనేజరు గదిలోకి పోయాడు. సరుకు ఆపాలన్నాడు.

"తప్పకుండా" అన్నాడు మేనేజరు. "ఫారం నింపండి. మూడు ప్లాంట్ల నుంచి ఆరు సంతకాలు కావాలి. ఒకటో ప్లాంటు వాళ్లు సెలవులో ఉన్నారు, సోమవారం వస్తారు. రెండో ప్లాంటులో ఇప్పుడు అర్ధరాత్రి."

"జనం చస్తారండీ!"

"అందుకే కదా ఇన్ని సంతకాలు పెట్టాం, జాగ్రత్త కోసం."

చంపడానికి నిమిషం పట్టని సంతకాలు ఆపడానికి నాలుగు రోజులు పడతాయి. ఈ లోకం ఇలాగే కట్టారు. ఎవరు కట్టారో ఎవరి కోసం కట్టారో మళ్లీ వేరే చెప్పాలా?

బయట కెంపు ఎదురుచూస్తోంది. అతని మొహం చూడగానే, అడగకుండానే, లైను చివర గోడకి వేలాడుతున్న పలక చూపించింది. మూడు భాషల్లో, మూడు రంగుల్లో, కస్టమర్లు వచ్చినప్పుడు చూపించుకోవడానికి రాయించిన పలక. 'తన చేతులతో చేసిన వస్తువులో తప్పు కనిపిస్తే కార్మికుడు ఎర్ర ట్యాగు కట్టవచ్చు. ట్యాగు ఉన్న సరుకు గేటు దాటరాదు. కట్టినవారే విప్పాలి.'

"మనం కట్టలేం" అంది కెంపు. "మన చేతులతో మనం ఏమీ చెయ్యలేదు కదా."

"ఇంతవరకు ఎవరైనా కట్టారా?"

"ఒకతను కట్టాడు, పదకొండేళ్ల కిందట. మర్నాడు గేటు దగ్గర అతని కార్డు పనిచెయ్యలేదు."

*

మూడున్నరకి రబ్బరు వదిన బల్ల ముందు నిలబడ్డాడు. పెట్టెలన్నీ ట్రక్కెక్కేశాయి. ఒక్క వాల్వు నమూనాగా బల్ల మీద మిగిలింది.

"ఏం సార్, వేరే పని అయిపోయిందా?"

"తప్పైందమ్మా. మీరు చెప్పింది నిజం. ఆ కాగితం మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను."

వదిన రెంచి కింద పెట్టలేదు. "మీరు చదవకుండా పెడతారు. మేం చదివి చెప్తే రాసి పెట్టమంటారు. ఇప్పుడు ట్యాగు కట్టమని వచ్చారు. ఉద్యోగం ఎవరిది పోవాలి? నాది. ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నాడు సార్. నేను తేకపోతే మందు లేదు. పందొమ్మిదేళ్లు నిలబడి నా మోకాళ్లు పోయాయి, ఇంకెక్కడా నన్ను తీసుకోరు."

నాలుగు మెలికలు తిరిగిన అబద్ధాలు నేర్పిన శిక్షణలో ఇలాంటి చోట చెప్పాల్సిన నిజం నేర్పలేదు. "కట్టమని అడిగే మొహం నాకు లేదు" అన్నాడు. "కానీ నేను కట్టినా చెల్లదు."

వదిన నమూనా వాల్వుని అరచేతిలో తిప్పింది. పిస్టన్ని బొటనవేలితో నొక్కింది. వదులు. ఇంకోసారి నొక్కింది.

"ఇది నేను బిగించిందే" అంది తనలో తను. "నా పెద్దకోడలు రోజూ ఈ వాల్వులు పెట్టే రైల్లోనే పోతుంది."

సొరుగు లాగింది. పదకొండేళ్ల దుమ్ము పట్టిన ఎర్ర ట్యాగుల కట్ట. ఒకటి తెంపింది.

నాలుగుకి పది నిమిషాలు తక్కువ. డ్రైవరు ఇంజను ఆన్ చేసి ఉన్నాడు. వదిన మోకాళ్లు పట్టుకుని ఎక్కి మొదటి పెట్టెకి ట్యాగు కట్టింది. గేటు మనిషి దాన్ని చూశాడు. పలక వైపు చూశాడు. లేపిన అడ్డకర్ర దించేశాడు.

అప్పుడే నల్ల కారు వచ్చి ఆగింది. చీఫ్ దిగాడు. తెల్ల చొక్కా, కోటు కింద చెయ్యి.

"ప్రభుత్వ పని. గేటు తియ్యి."

"ట్యాగుంది బాబూ. కట్టినావిడే విప్పాలి."

చీఫ్ చుట్టూ చూసి నేరుగా వదిన దగ్గరకి వచ్చాడు. కోటు కిందనుంచి పిస్తోలు మొన ఒక్క అంగుళం బయటికి వచ్చింది. "విప్పమ్మా. రెండు నిమిషాల పని."

రబ్బరు మధ్యలోకి వచ్చాడు. "ఎందుకు బాబాయ్?"

"ఈ రైళ్లు గుద్దుకుంటే రేపు ముఠావాళ్ల కంపెనీయే రైళ్లన్నీ తయారుచేస్తుంది. అందులో నాకో కుర్చీ ఉంది. పక్కకి జరుగు."

"నన్నెందుకు?"

చీఫ్ గొంతులో కోపం లేదు. అదే నరకం. "నీకోసం అడిగేవాళ్లు ఎవరూ లేరు కదరా. ఎనిమిదేళ్లప్పుడే లేరు. చూసే తెచ్చుకున్నాను."

రబ్బరు పెన్ను క్యాప్ నొక్కి ఆయన ఛాతీ మీద పొడిచాడు. సూది రాలేదు. తెల్ల చొక్కా మీద నీలం సిరా చుక్క పడింది. మామూలు పెన్ను. ఏనుగుని కాదు కదా, చీమని కూడా నిద్రపుచ్చదు.

"నీకు నిజం సూది ఇస్తానా నాన్నా?" అన్నాడు చీఫ్. పిస్తోలు పూర్తిగా బయటికి వచ్చి వదిన మీద నిలిచింది. "విప్పు. మూడు లెక్కపెడతాను. ఒకటి..."

పక్క బల్లావిడ వచ్చి రెండో పెట్టెకి ట్యాగు కట్టింది. "ఇది నేను చేసింది" అంది. వెనక ఇంకొకావిడ. "ఇది నాది." ఆ వెనక పెయింటింగు సెక్షన్ మనిషి, ప్యాకింగు మనిషి, షిఫ్టు దిగాల్సిన నలభై మందీ వరసగా. ట్రక్కు ఎర్రగా అయిపోతోంది. ఎవరు కడితే వాళ్లే విప్పాలి. ఒక్క వదినని కాలిస్తే గేటు తెరుచుకోదు, నలభై మందిని కాల్చాలి. నలభై మందికి గురిపెట్టాలంటే ఒక్క పిస్తోలు చాలదు.

చీఫ్ పిస్తోలు మొన అటూ ఇటూ ఊగింది. ఆ ఊగిసలాట చాలు. వదిన రెంచి ఆయన మణికట్టు మీద పడింది. పిస్తోలు జారింది. కెంపు దాన్ని కాలితో ట్రక్కు కిందకి తన్నేసింది. రబ్బరు బాబాయ్ చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఆ ముడి వెయ్యడం ఆయనే నేర్పాడు. విప్పడం మాత్రం ఆయనకీ రాలేదు.

నాలుగు గంటల సైరన్ మోగింది. ట్రక్కు కదలలేదు. లోడు టెస్టు పెట్టించారు. జనం బరువు వేయగానే గేజి ముల్లు నిలబడాల్సిన చోట నిలబడలేదు. జారిపోయింది.

*

ఎర్ర కోటు గేటు దగ్గర కొక్కానికి వేలాడుతూ దొరికింది. అందులో రెండు కాగితాలు, బీరువా పడటానికి ముందు రోజు చీఫ్‌తో మాట్లాడిన ఫోన్ సంభాషణ రికార్డింగు, ఒక చీటీ: 'చెకర్‌ని నేనే పట్టించాను. దాన్ని ఏ ట్యాగూ ఆపలేదు.' మనిషి లేదు.

డిపార్ట్‌మెంట్ వాళ్లు రబ్బరు స్టేట్‌మెంట్ తీసుకున్నారు. ఫారంలో ఒక ప్రశ్న: నిందితుడు మీకేమవుతాడు? అరగంట కూర్చున్నాడు. చివరికి 'పెంచాడు' అని రాశాడు.

వారం తర్వాత వదిన అతన్ని పిలిచింది. చేతిలో కంపెనీ మెమో. 'ఎవరి అనుమతితో లైను ఆపారు? మూడు రోజుల్లో వివరణ ఇవ్వవలెను.'

"మీరు చదువుకున్నోళ్లు. జవాబు రాసివ్వండి."

రబ్బరు పేజీన్నర రాశాడు. ప్రజా భద్రత, నిబంధన, తేదీల మధ్య ఖాళీ, అన్నీ పెట్టి. వదిన చదివి, అడ్డంగా గీత కొట్టి, కింద తనే రాసింది: 'నా చేతులతో చేశాను కాబట్టి నేనే ఆపాను.'

జవాబు మర్నాడే వచ్చింది. ఉద్యోగం ఉంచారు. ఇకమీదట చేతులు ఉపయోగించే ముందు అనుమతి తీసుకోవలెనని హెచ్చరించారు.